మంచం ఎక్కని పంటినొప్పి

పుదుచ్చేరి పట్నం నుంచి విల్లియనూరు వైపు వెళ్లే రోడ్డు మీద రెడ్డియార్‌పాళయం దాటాక మూలకుళం వస్తుంది. ఫ్రెంచివారి కాలంలో ఇదంతా ఉళవర్‌కరై కొమ్యూన్. 1880 డిక్రీతో ఏర్పడ్డ కొమ్యూన్లలో అదొకటి. ఇప్పుడు అదే పేరుతో మునిసిపాలిటీ ఉంది. ఇక్కడ అద్దె ఇంట్లో ఉంటూ నెలజీతం మీద బతికే మనిషికి దవడపన్ను పిప్పి పట్టి రాత్రంతా నిద్ర లేకుండా చేసిందనుకుందాం. తెల్లారాక అతనికి మూడు దారులు. మందుల షాపులో నొప్పి మాత్ర, మెయిన్ రోడ్డు మీద ప్రైవేటు పళ్ల డాక్టరు, లేదంటే గోరిమేడులోని ప్రభుత్వ దంత ఆసుపత్రి. జేబులో ఆరోగ్య బీమా కార్డు ఉన్నా దాన్ని బయటికి తీసే అవసరం ఈ మూడింటిలో దాదాపు ఎక్కడా రాదు. గుండెకు, కిడ్నీకి, మోకాలి చిప్పకు లక్షలు ఇస్తామనే కార్డు పంటి దగ్గరికొచ్చేసరికి మొహం చాటేస్తుంది. జనం పళ్లను పట్టించుకోరు, అందుకే కంపెనీలూ పట్టించుకోలేదు అని తేల్చేసేవాళ్లున్నారు. చరిత్ర తిరగేస్తే ఆ మాట నిలవదు. మన దేశంలో ఆరోగ్య బీమాను ఆసుపత్రి మంచం చుట్టూ కట్టారు. పళ్ల డాక్టరు దగ్గర ఉండేది కుర్చీ. పంటి ఖర్చును నలుగురి మీదా పంచే ఏర్పాటు ఎక్కడెక్కడ నిలదొక్కుకుందో చూస్తే, అది నొప్పి వచ్చినవాళ్లు కొనుక్కునే పాలసీగా నిలవలేదు. నొప్పి ఉన్నా లేకపోయినా అందరూ క్రమం తప్పకుండా కొంచెం కొంచెం కట్టే పద్ధతిగా నిలిచింది. నా వాదన ఇంతే. దానికి పుదుచ్చేరి గతమే మంచి సాక్ష్యం.

ముందుగా చెల్లించడం దక్షిణాది పల్లెలకు కొత్త కాదు. ఊరి మంగలి క్షౌరంతో పాటు పుండ్లు కోసి కట్లు కట్టేవాడు. ఆ ఇంటి ఆడవాళ్లు మంత్రసానులుగా ఉండేవారు. థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాల సంపుటాల్లో ఈ సంగతి నమోదైంది. వీళ్లకు పని పనికీ లెక్కగట్టి డబ్బిచ్చే ఆచారం లేదు. నూర్పిళ్లయ్యాక కళ్లంలోనే ధాన్యంలోంచి మేర కొలిచేవారు. ఆ ఏడాది ఇంట్లో ఎవరికైనా గాయమైందా లేదా అన్నదానితో ఆ కొలతకు సంబంధం లేదు. దీన్ని చూసి మన పూర్వులకు బీమా తెలుసని మురిసిపోనక్కర్లేదు. మేర పుచ్చుకునేవాడికి బేరమాడే హక్కు లేదు, వృత్తి మార్చుకునే వీలు లేదు, కులం గీసిన గీత దాటే దారీ లేదు. అయినా ఒక్క విషయం గమనించాలి. వైద్యం చేసేవాడికి ఏడాది పొడవునా గ్రాసం గ్యారంటీ, రోగికి నొప్పి పుట్టిన రోజున డబ్బు వెతుక్కునే పని లేదు. నగదు కూలీలు వచ్చి, మేర పోయి, జనం పట్నాలకు చేరాక ఈ రెండు సౌకర్యాలూ ఒకేసారి మాయమయ్యాయి. తర్వాత పంటినొప్పికి మిగిలింది లవంగం, ఉప్పునీళ్లు, చివరికి పన్ను పీకించుకోవడం.

పుదుచ్చేరిని ఏలిన ఫ్రాన్సులో పళ్ల వైద్యం కథ మరోలా నడిచింది. 1699 నాటి రాజశాసనం పళ్ల పని చేసేవాళ్లను పరీక్ష పెట్టి గుర్తించే ఒక ప్రత్యేక వర్గంగా నిలబెట్టింది. 1728లో పియెర్ ఫొషార్ తన పెద్ద గ్రంథం అచ్చువేసి, సంతల్లో పళ్లు పీకేవాళ్ల మోసాలను ఎండగడుతూ ఈ వృత్తికి శాస్త్రం హోదా తెచ్చిపెట్టాడు. హోదా వచ్చింది గానీ, దాంతో పాటే పన్ను మిగతా ఒంటి నుంచి విడిపోయింది. ఒళ్లంతా వైద్యులది, నోరు మాత్రం వేరే వృత్తివాళ్లది. ఆ తర్వాత వచ్చిన కాలేజీలు, రిజిస్టర్లు, చట్టాలు, చివరికి బీమా పత్రాలు అన్నీ ఈ విభజన మీదే లేచాయి. ఫ్రెంచివారు పుదుచ్చేరిలో 1823లోనే వైద్య పాఠశాల పెట్టారు. అదే ఎదిగి ఎదిగి ఈనాటి జిప్మర్ అయింది. కానీ పళ్ల కోసం ప్రభుత్వం ఒక ప్రత్యేక కళాశాల తెరవడానికి 1990 దాకా పట్టింది. నడుమ నూట అరవై ఏడేళ్లు. బ్రిటిష్ ఇండియాలోనూ పెద్ద తేడా లేదు. అమెరికాలో చదువుకొచ్చిన రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో దేశపు తొలి దంత వైద్య కళాశాల తెరిచినప్పుడు, దాన్ని నడపడానికి న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అని ఐస్‌క్రీమ్ షాపు పెట్టుకోవలసి వచ్చింది. జనం చేత తీపి తినిపించి పళ్ల కాలేజీ నడపడంలోని చమత్కారం అలా ఉంచితే, ప్రభుత్వ ఖజానాకు నోటి ఆరోగ్యం ఎంత దూరమో ఆ షాపే చెబుతుంది. మద్రాసు మెడికల్ కాలేజీలో దంత విభాగం 1953లో, హైదరాబాదులో ప్రభుత్వ దంత కళాశాల 1959లో వచ్చాయి.

ఈ చరిత్రలో కాస్త ఆగి చూడవలసిన ఏడు 1948. ఆ మార్చిలో మన దేశంలో డెంటిస్టుల చట్టం వచ్చింది. ఏప్రిల్లో ఉద్యోగుల రాజ్య బీమా, అంటే ఈఎస్‌ఐ చట్టం వచ్చింది. జులై 5న బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. మొదటి చట్టం, పన్ను ఎవరు ముట్టుకోవాలో నిర్ణయించింది. రిజిస్టరును రెండు భాగాలు చేసి, పట్టా ఉన్నవాళ్లను ఒక దాంట్లో, పట్టా లేకున్నా కనీసం ఐదేళ్లుగా ఇదే జీవనోపాధిగా ఉన్నవాళ్లను రెండో దాంట్లో చేర్చింది. కానీ ఆ పనికి డబ్బెవరు ఇవ్వాలన్నది ఆ చట్టం పరిధిలోకి రాలేదు. బ్రిటన్ మాత్రం డబ్బు ప్రశ్నే ముందు పెట్టుకుని, పళ్ల వైద్యాన్ని అందరికీ ఉచితం చేసింది. అంతే, జనం వెల్లువలా వచ్చిపడ్డారు. ఏళ్ల తరబడి పుచ్చిన పళ్లతో నెట్టుకొచ్చినవాళ్లంతా కట్టుడు పళ్ల కోసం బారులు తీరారు. వేసిన అంచనాలు తలకిందులయ్యాయి. 1951లో ప్రభుత్వం కట్టుడు పళ్ల మీద రుసుము పెట్టింది. ఆ సేవకు రూపం ఇచ్చిన మంత్రి అన్యూరిన్ బెవాన్ దానికి నిరసనగా రాజీనామా చేశాడు. 1952లో మామూలు పళ్ల వైద్యానికీ ఒక పౌను రుసుము వచ్చింది. ఉచితం అంటే ఇలాగే కొంప మునుగుతుందని ఈ ఉదంతాన్ని చూపించేవాళ్లున్నారు. ఖర్చు పెరిగిన మాట నిజమే. కానీ ఆ బారుల్ని ఇంకో వైపు నుంచీ చూడొచ్చు. పళ్ల మీద జనానికి శ్రద్ధ లేదన్న వాదానికి అంతకన్నా గట్టి జవాబు దొరకదు. అడ్డు డబ్బే; అది తొలగగానే శ్రద్ధ బయటపడింది. రుసుము పెట్టాక కూడా బ్రిటన్ పళ్లను ఆరోగ్య సేవలోంచి పూర్తిగా తోసెయ్యలేదు.

మన ఈఎస్‌ఐ 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీల్లో మొదలైంది. అప్పటికి పుదుచ్చేరి ఇంకా ఫ్రెంచివారి చేతిలోనే ఉంది. కార్మిక హక్కుల విషయంలో మాత్రం ఇక్కడి మిల్లులు వెనకబడి లేవు. 1936 జులై 30న మిల్లు కార్మికుల మీద జరిగిన కాల్పుల్లో పన్నెండు మంది చనిపోయారు. ఆ రక్తం మీదే మరుసటి ఏడు ఎనిమిది గంటల పనిదినం చట్టంగా వచ్చింది. పుదుచ్చేరి భారతదేశంలో విలీనమయ్యాక ఈఎస్‌ఐ కూడా చేరి, గోరిమేడులో దానికి సొంత ఆసుపత్రి ఏర్పడింది. దాని లెక్క కాస్త దగ్గర్నుంచి చూడదగింది. జీతంలో ఉద్యోగి నూటికి ముప్పావు, అంటే 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడతారు. 2019 జులై నుంచి ఇవే రేట్లు. నెలకు 15,000 వచ్చే మనిషి జీతంలోంచి 112 రూపాయల 50 పైసలు పోతాయి, యజమాని 487 రూపాయల 50 పైసలు కలుపుతాడు. ఆ ఆరు వందలకు ఇంటిల్లిపాదికీ వైద్యం, ఆ వైద్యంలో పళ్లూ ఒక భాగం. ఇందులో పన్నుకు విడిగా ప్రీమియం లేదు. పాత రోగమా కొత్త రోగమా అన్న ఆరా లేదు, మంచం మీద పడుకున్నావా అన్న ప్రశ్న లేదు. క్యూలున్నాయి, మందుల కొరత ఉంది, ఖరీదైన క్యాపుల దగ్గర హద్దులున్నాయి; వాటి మీద కార్మికులు చేసే ఫిర్యాదుల్లో న్యాయముంది. అయినా ఒక పిప్పి పన్ను తీయించుకోవడానికో నింపించుకోవడానికో చేతిలో డబ్బు లేకుండా వెళ్లగల చోటు అది.

ఈఎస్‌ఐ బయట ఉన్నవాళ్ల కోసం 1986లో ప్రభుత్వ రంగ బీమా కంపెనీలు మెడిక్లెయిమ్ తెచ్చాయి. చికిత్స కోసం కనీసం 24 గంటలు ఆసుపత్రిలో చేరి ఉండాలన్నది దాని ఇరుసు. పళ్ల వైద్యాన్ని మినహాయింపుల జాబితాలో పెట్టి, ఆసుపత్రిలో చేరవలసి వస్తే తప్ప ఇవ్వమన్నారు. దీని ఫలితం ఏమిటో తెలియాలంటే ఒక రూట్ కెనాల్ ఎలా నడుస్తుందో చూడాలి. మొదటి రోజు ఎక్స్‌రే తీసి, మత్తు సూది ఇచ్చి, పన్నుకు పైనుంచి రంధ్రం చేసి లోపలి కుళ్లిన నరాన్ని తీసేస్తారు. సన్నని ఫైళ్లతో వేరు గొట్టాలను గీకి శుభ్రం చేసి, మందు పెట్టి, తాత్కాలికంగా మూసి పంపిస్తారు. రెండో సిట్టింగులోనో మూడో దాంట్లోనో చీము లేదని తేలాక గొట్టాలు నింపుతారు. ఆ తర్వాత పన్ను చుట్టూ అరగదీసి, అచ్చు తీసి, ల్యాబుకు పంపి, క్యాపు బిగిస్తారు. క్యాపు లోహందా, పింగాణీదా, జిర్కోనియాదా అన్నదాన్ని బట్టి బిల్లు మారుతుంది. మొత్తం కలిపి కొన్ని వేలు. ఇన్నిసార్లు వచ్చినా రోగి ఒక్క రాత్రి కూడా మంచం ఎక్కడు. వైద్యం ఎంత నేర్పుగా జరిగితే బీమాకు అంత దూరమవుతుందన్నమాట. అదే పన్నును నిర్లక్ష్యం చేసి, చీము దవడకూ మెడకూ పాకి, ఊపిరి ఆడక ఐసీయూలో చేరితే, పత్రంలోని మాటలు కుదిరిన చోట బీమా లక్షలు ఇవ్వడానికి సిద్ధం. చిన్నదాన్ని వద్దని పెద్దదాన్ని ఒప్పుకునే ఈ లెక్కలో కంపెనీకైనా లాభమేమిటో నాకు అంతుపట్టదు.

తర్వాత వచ్చిన పథకాలు ఈ ఇరుసును కదిలించలేదు. 2018 నాటి ఆయుష్మాన్ భారత్‌లో దవడ ఎముకల శస్త్రచికిత్సలున్నాయి. పుచ్చు నింపడం, రూట్ కెనాల్ లాంటివి మాత్రం రోగం వల్లో గాయం వల్లో ఆసుపత్రిలో చేరవలసి వస్తే తప్ప లేవు. 2020 ఏప్రిల్లో అన్ని కంపెనీలూ ఒకే నమూనాలో అమ్మాలని తెచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీ, రోగం వల్లగానీ గాయం వల్లగానీ అవసరమైన పళ్ల వైద్యాన్ని ఒప్పుకుంది. చదవగానే తలుపు తెరుచుకున్నట్టే ఉంటుంది గానీ, అది కూడా ఆసుపత్రిలో చేరిన ఖర్చుల పద్దు కిందే వస్తుంది. విడిగా పళ్ల బీమా అమ్మే ప్రయత్నాలూ జరగకపోలేదు. 2000 దశకం మొదట్లో పెప్సోడెంట్ టూత్‌పేస్టు కొన్నవాళ్లకు న్యూ ఇండియా అష్యూరెన్స్ ద్వారా వెయ్యి రూపాయల పళ్ల బీమా ఇచ్చారు. అది టూత్‌పేస్టు అమ్మకానికి పనికొచ్చి ఉండవచ్చు, దంత వైద్యానికి దారి మాత్రం కాలేదు. ఈమధ్య ఓపీడీ, అంటే ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే వైద్యం ఖర్చులిచ్చే పాలసీల్లో పళ్లు కనిపిస్తున్నాయి. వాటిని కొనేవాళ్లు మూడు చోట్ల చూసుకోవాలి. ఎన్ని నెలలు ఆగాక క్లెయిమ్ చేసుకోవచ్చు, ఏడాదికి పళ్లకు గరిష్ఠంగా ఎంత, చూపించుకోవలసింది ఏ క్లినిక్కుల్లో. చాలాసార్లు ఏడాదికి కట్టేదీ తిరిగొచ్చేదీ ఇంచుమించు సమానంగా తేలుతాయి.

బీమా కంపెనీల తరఫున చెప్పగల బలమైన మాట ఇక్కడే ఉంది. ఇల్లు కాలడం అరుదు కాబట్టే వెయ్యి మంది కట్టిన దాంతో ఒకరి ఇల్లు లేపగలం. పన్ను పుచ్చడం అరుదు కాదు, దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. పైగా నొప్పి మొదలయ్యాక కూడా కొన్ని నెలలు ఓర్చుకుని పాలసీ కొని క్లెయిమ్ పెట్టుకోవచ్చు. ఇలాంటి దాన్ని బీమా చేయడం ఎలా? ఈ వాదన సరైనదే, దాన్ని కొట్టిపారేయలేం. అయితే ఇది కాదంటున్నది ఇష్టమైనవాళ్లు విడివిడిగా కొనుక్కునే పాలసీని. అందరూ కలిసి ముందుగా కట్టుకోవడాన్ని కాదు. అమెరికాలో దంత బీమా పుట్టిన తీరే ఇందుకు రుజువు. 1954లో పసిఫిక్ తీరపు రేవు కూలీల సంఘం తన సభ్యుల పిల్లలకు పళ్ల వైద్యం కావాలని యాజమాన్యాలతో కుదిరిన నిధిలోంచి అడిగింది. ఆ పని నడపడానికి అక్కడి దంత వైద్యుల సంఘాలే లాభాపేక్ష లేని సంస్థలు పెట్టాయి. ఇప్పటి డెల్టా డెంటల్ సంస్థల మూలం అదే. రేవులో పనిచేసే అందరి పిల్లలూ అందులో ఉన్నారు కనుక నొప్పి వచ్చినవాడే చేరే బెడద లేదు. ఆ తర్వాత అది యజమానులు కొనే సరుకుగా మారి, ఏడాదికి వెయ్యి, రెండు వేల డాలర్ల హద్దు దగ్గర దశాబ్దాలుగా బిగుసుకుపోయింది. వైద్యం ఖరీదు మాత్రం ఆగలేదు. 1965లో వృద్ధుల కోసం పెట్టిన మెడికేర్ చట్టం మామూలు పళ్ల వైద్యాన్ని మొదట్లోనే పక్కన పెట్టింది. అక్కడి తెలుగువాళ్లు సెలవులకు ఇంటికొచ్చినప్పుడు పెళ్లిళ్ల మధ్య పళ్ల డాక్టరు అపాయింట్‌మెంట్లు ఇరికించుకోవడం ఊరికే పుట్టిన అలవాటు కాదు.

పుదుచ్చేరిలో ఇంకో పోలిక కూడా దొరుకుతుంది. మరే ఊళ్లోనూ ఇది ఇంత స్పష్టంగా కనబడదు. 1962 ఆగస్టు 16న విలీన ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు ఇక్కడివాళ్లకు ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకోవడానికి ఆరు నెలల గడువిచ్చారు. ఎంచుకున్నవాళ్లలో ఫ్రెంచి సైన్యంలో పనిచేసిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ కుటుంబాల్లో ఫ్రాన్సుకు వెళ్లి స్థిరపడ్డవాళ్లు 1945లో మొదలైన సామాజిక భద్రతా వ్యవస్థలో చేరారు. 2020 నుంచి అక్కడ అనుబంధ బీమా ఉన్నవాళ్లకు నిర్ణీత రకాల క్యాపులు చేతి నుంచి పైసా పడకుండా వస్తున్నాయి. ఇక్కడే ఉండిపోయిన దాయాదులు అదే పంటికి జేబు తడుముకుంటారు. చిన్నప్పుడు తిన్నదీ, తోముకున్నదీ ఒకే ఊళ్లో. తేడా వచ్చింది ఒక కాగితం మీద పెట్టిన సంతకంతో. ఫ్రాన్సు ధనిక దేశం కదా, పోలికేమిటి అనవచ్చు. నిజమే. కానీ 1945లో ఆ దేశం యుద్ధంలో చితికి ఉంది. వ్యవస్థ కట్టింది అప్పుడే.

మరి పుదుచ్చేరి ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చుందా అంటే, లేదు. బీమా చేయని పనిని ఇక్కడ సంస్థ చేసింది. 1990లో మొదలైన మహాత్మాగాంధీ దంత వైద్య కళాశాల, ఇప్పుడు స్నాతకోత్తర సంస్థ, గోరిమేడు దగ్గర ఇందిరానగర్‌లో ఉంది. జిప్మర్‌లోనూ దంత విభాగముంది. మూలకుళం నుంచి ఈ రెండూ కొన్ని కిలోమీటర్ల దూరమే. ఇంత దగ్గర్లో ప్రభుత్వ దంత ఆసుపత్రి ఉన్నప్పుడు ఇంకా బీమా గురించి గోలెందుకు అని ఎవరైనా అడిగితే, దానికి జవాబు రోగి చేతిలోని కాలెండరులో ఉంది. రూట్ కెనాల్‌కు మూడుసార్లు రావాలంటే దినకూలీకి మూడు రోజుల కూలి పోతుంది. మెయిన్ రోడ్డు క్లినిక్కులు సాయంత్రం తెరిచి ఉంటాయి కాబట్టే బతుకుతున్నాయి, నాణ్యత ఒక్కటే కారణం కాదు. ఇక ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన యానాం సంగతి చూడండి. కాకినాడ పక్కన, పుదుచ్చేరికి ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల ఉన్న తెలుగు ఊరు. అక్కడి పిల్లలకు పుదుచ్చేరి కాలేజీ సీట్లు కేటాయించే సెంటాక్ ప్రవేశాల్లో ప్రాంతీయ కోటా ఉంది, కాబట్టి యానాం అమ్మాయి గోరిమేడు వచ్చి దంత వైద్యురాలు కాగలదు. ఆమె తండ్రి పంటికి మాత్రం ఆ భవనం అందదు. భవనం ఉన్నచోటే ఉంటుంది. ముందుగా కట్టిన డబ్బయితే మనిషి వెంట వస్తుంది. అందుకే సంస్థ ఉండటం, చెల్లింపు వ్యవస్థ ఉండటం ఒకదానికొకటి బదులు కావు.

ఈఎస్‌ఐలో ఉన్న పెద్ద లోపం దాని అంచు. 2017 జనవరి నుంచి జీతం హద్దు 21,000 దగ్గరే ఉంది. జీతం ఆ పైకి పోతే, నడుస్తున్న ఆరు నెలల చందా కాలం ముగిశాక, అంటే సెప్టెంబరు ఆఖరుకో మార్చి ఆఖరుకో, చందా ఆగిపోతుంది; దానికి చెందిన ప్రయోజన కాలం కూడా ముగిశాక ఇంటిల్లిపాదీ బయటపడతారు. వాళ్లు ఆ తర్వాత కొనే ప్రైవేటు పాలసీలో సాధారణంగా పళ్లుండవు. జీతం పెంపు పంటికి నష్టం తెచ్చే విచిత్రం ఇది. పని పోయినా, మిల్లు మూతపడ్డా ఇదే గతి. 1898లో ముదలియార్‌పేటలో పుట్టిన ఆంగ్లో-ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్ మిల్లు 2020 ఏప్రిల్ 30న మూతపడింది. అయితే చాలామందికి తెలియని ఒక నిబంధన ఈ అంచు మీదే ఉంది. కనీసం ఐదేళ్లు ఈఎస్‌ఐలో ఉండి వయసు నిండి రిటైరైన మనిషి ఏడాదికి 120 రూపాయలు ఒకేసారి కడితే తనకూ జీవిత భాగస్వామికీ వైద్యం కొనసాగుతుంది; స్వచ్ఛందంగా విరమించినవాళ్లకూ ఆ వీలుంది. నెలకు పది రూపాయలు. అందులో పళ్ల కుర్చీ కూడా ఉంది. ఆ చందా కట్టడానికి స్థానిక ఈఎస్‌ఐ కార్యాలయానికి వెళ్లాలి, పాత బీమా నంబరు, రిటైరైనట్టు యజమాని ఇచ్చిన ధ్రువీకరణ పట్టుకెళ్లాలి. మిల్లు మూతపడ్డవాళ్లకు ఆ రెండో కాగితం సంపాదించడమే అసలు తిప్పలు.